గురక అన్న మాట

మా ఆయన ముద్దుకృష్ణ పోయిన రోజు నేను పుంగనూరు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. బడి తెరిచి ఎన్నో రోజులు కాలేదు. పిల్లల పుస్తకాలకు ఇంకా అట్టలు పడలేదు. టేబుల్ సొరుగులో ఫోన్ మోగింది. క్లాసులో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. ఆగి మళ్ళీ మోగింది. చివరికి పిల్లలే అన్నారు, "మేడం, ఎవురో విడవకుండా చేస్తాండారు" అని.

ఎత్తితే దాసప్ప. సోమలలో మా పొలాన్ని ఆనుకుని ఉన్న పొలం అతనిది. మా ఆయన్ని బావా అనీ నన్ను అక్కా అనీ పిలుస్తాడు. చుట్టరికం ఏమీ లేదు. ఒకే బోరు నీళ్ళు వంతులు వేసుకుని పారించుకోవడంలో కలిసిన వరస అది. ఆ రోజు ఇద్దరూ ఒకే టెంపోలో టమాటాలు వేసుకుని మదనపల్లె మార్కెట్ యార్డుకు వెళ్ళారు.

"అక్కా, నువ్వు భయపడొద్దు. బావ పడిపోయినాడు. మండీ ముందర క్రేట్లు దించతా దించతా పడిపోయినాడు."

"పడిపోయినాడంటే?"

"ఫిట్స్ మాదిరి వచ్చినాది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. బీగాల గుత్తి చేతిలో పెట్టినాము. నిలిసిపోయినాది. ఇప్పుడు ఏం లేదు, గురక పెడతాండాడు."

"గురకా?"

"ఆ. ఇంట్లో పెడతాడే, అట్లే. నా ఒళ్ళోనే పండుకోనుండాడు. మొగాన నీళ్ళు కొట్టినాము. లేస్తాడులే. లేసినాక ఆస్పత్రికి పిల్సకపోతాము. నువ్వు మెల్లగా రా."

మెల్లగా రమ్మన్నాడు. నేను మెల్లగానే వెళ్ళాను. బోర్డు తుడిచాను. హెడ్మాస్టర్ ఉమాపతి సార్‌కు చెప్పి సెలవు చీటీ రాసిచ్చాను. ఆయన తన స్కూటర్ మీద దింపుతానంటే, ఎందుకు సార్, బస్సులున్నాయి కదా అన్నాను. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆయనకు ఫిట్స్ ఎప్పుడూ లేవు. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళి ఉంటారు, ఎండకు కళ్ళు తిరిగి ఉంటాయి అనుకున్నాను. మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చాక ఏ మాటలతో కోప్పడాలో కూడా అనుకున్నాను. ఫిట్స్ సంగతి నాకు తెలియదు కానీ గురక తెలుసు. గురక పెడుతున్నాడంటే ఆ మనిషి బాగున్నాడనే నాకు అర్థం.

ఆస్పత్రి గేటు దగ్గర దాసప్ప నిలబడి ఉన్నాడు. చొక్కా ముందు భాగమంతా తడిసిపోయి ఉంది. మా ఆయన ముఖాన కొట్టిన నీళ్ళు అవి.

"గురక నిలిసిపోయినాదక్కా," అన్నాడు. "ఎంతసేపటికీ లేయకపోతే టెంపోలో ఎక్కించినాము. దావలో నిలిసిపోయినాది."

లోపల డాక్టరు ఉన్న మాట చెప్పాడు. గుండె ఉన్నట్టుండి ఆగిపోయిందన్నాడు. తీసుకొచ్చేసరికే ఏమీ మిగల్లేదన్నాడు.

*

పెళ్ళయిన కొత్తలో నాకు కుప్పంలో పోస్టింగు వచ్చింది. రైల్వే స్టేషన్ వెనక వీధిలో మునిలక్ష్మమ్మ అనే ఆవిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఉత్తరంగా పోతే కన్నడం, దక్షిణంగా పోతే అరవం, మధ్యలో మేము. నేను బడికి పోతే ఆయన ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయారు. ఊరి బయట కొంచెం నేల కౌలుకు తీసుకుని మల్బరీ వేశారు. ఒక గది మాకు, ఒక గది పట్టుపురుగులకు. వెదురు తట్టల్లో ఆకు పరిచి తలుపు వేస్తే పురుగులు తినే చప్పుడు పక్కగదిలోకి వినిపించేది. రేకుల మీద సన్నగా వాన పడుతున్నట్టు ఉండేది ఆ చప్పుడు. దాని మీద ఆయన గురక.

పొద్దున్నే మునిలక్ష్మమ్మ ముగ్గు చిప్ప పట్టుకుని గడప ముందు నిలబడేది.

"ఏమప్పా ముద్దుకృష్ణా, బెంగుళూరు రైలు మీ ఇంట్లో నుంచే పోతాండాదా?"

"నేను కాదమ్మా, పురుగులు. ఆకు బాగా తిని గురక పెడతాండాయి."

"అట్లనా? ఆ పురుగులకు మీసాలు గూడా ఉండాయేమో సూడుపో."

ఆయన మీసం దువ్వుకుంటూ లోపలికి వచ్చి నన్ను చూసి నవ్వేవారు. మొదట్లో ఆ గురకకు నాకు నిద్ర పట్టేది కాదు. భుజం మీద తడితే పక్కకు తిరిగేవారు. కాసేపు ఆగి మళ్ళీ మొదలయ్యేది. తరవాత తరవాత అది ఆగితేనే నాకు మెలకువ వచ్చేది. అది మళ్ళీ మొదలయ్యేదాకా కళ్ళు తెరుచుకుని ఉండేదాన్ని.

ఆయన చదువు పదో తరగతితో ఆగింది. అయినా నా పరీక్ష పేపర్లు తిరగేయడం ఆయనకు సరదా. నేను దిద్దినవి తీసి, పిల్లలు రాసింది పైకి చదివేవారు. ఒకసారి మునీశ్వరి అనే అమ్మాయి పేపరు ఆయన చేతికి చిక్కింది. సరిహద్దు పక్క పల్లె పిల్ల. ఇంట్లో అరవం, వీధిలో తెలుగు. వ్యాసంలో "మా ఇంట్లో ఆవు ఉండాది" అని రాసింది. నేను ఉండాది చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

"దీనికి యాల సున్నా సుట్టినావు?" అన్నారు.

"అది రాసే తెలుగు కాదండీ."

"ఆ పాప ఇంట్లో ఆవు ఉండాదా, లేదా?"

"ఉందనే కదా రాసింది."

"ఉంటే మార్కెయ్యి. ఆ పాప ఇంట్లో ఆవు ఉండాది. ఉన్నది నీ పుస్తకంలో ఆవు. అది పాలు కూడా ఇయ్యదు."

నేను మార్కు వేయలేదు. ఆయన రెండు రోజులు నన్ను పుస్తకంలో ఆవు అని పిలిచారు. మా కిరణ్ పుట్టింది ఆ ఇంట్లోనే. వాడి ఉయ్యాల కట్టింది పురుగుల గదికి అవతలి గోడవైపు. ఆకు మేసే చప్పుడుకు వాడు ఏడుపు ఆపేవాడు. వాడికిప్పుడు హోసూరులో ఉద్యోగం. వాన పడితే ఎందుకో నిద్ర వస్తుందమ్మా అంటాడు. ఎందుకో వాడికి తెలియదు. నాకు తెలుసు.

*

సోమలలో కర్మ జరిగిన రోజు దాసప్ప మా వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. బావ ఎలా పడ్డాడో, తాళాల గుత్తి ఎవరి మొలకు ఉంటే లాక్కొచ్చి చేతిలో పెట్టాడో, సోడా ఎవరు తెచ్చారో. చివరికి ఎప్పుడూ ఒకే మాట.

"నా ఒళ్ళో ఉన్నంతసేపూ ఊపిరి ఉండినాదప్పా. నిద్రపోయినట్టు పోయినాడు. అట్లాంటి సావు యెవురికొస్తాది?"

విన్నవాళ్ళు తలలు ఊపారు. పెద్దవాళ్ళు అతని భుజం మీద చెయ్యి వేసి, నువ్వు ఉండబట్టి సరిపోయింది అన్నారు. నేనూ ఆ మాట పట్టుకునే ఆ నెలలు గడిపాను. నొప్పి తెలియకుండా, తెలిసిన మనిషి ఒళ్ళో, గురక పెడుతూ. ఇంటి పనులు చేసుకుంటూ ఆ మాట మనసులో అనుకునేదాన్ని. అది ఎంత పనికొచ్చిందో చెప్పలేను.

అర్ధ సంవత్సర పరీక్షలకు ముందు మునీశ్వరి మా బడికి వచ్చింది. ఇప్పుడు తను కుప్పం దగ్గర నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఉన్నట్టుండి గుండె ఆగిన మనిషికి డాక్టరు వచ్చేలోపు ఏం చేయాలో బళ్ళు తిరిగి నేర్పిస్తోంది. ఉమాపతి సార్ పిలిపించారు. తను నా గదిలోకి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ముద్దుకృష్ణ సార్ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది మేడం," అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నాకు అది నచ్చింది.

పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టారు. చాప మీద తలా మొండెమూ మాత్రమే ఉన్న రబ్బరు బొమ్మను పడుకోబెట్టి మునీశ్వరి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎవరైనా పడిపోయినారు. మీరు చూసినారు. ముందు ఏం చెయ్యాల? పరిగెత్తిపోయి వాళ్ళ మీద మీరు పడకూడదు. కరెంటు తీగ ఉండాదా, బండ్లు వస్తాండాయా చూసుకోవాల. దగ్గరికి పోయి రెండు భుజాలూ తట్టి గట్టిగా పిలవాల. ఏమప్పా, ఏమైంది, లే! పలకలేదు. అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చెయ్యండి అని అరవొద్దు. అందరూ ఇంకొకరు చేస్తారులే అనుకుంటారు. ఒక మనిషికి వేలు చూపించి, ఎర్రచొక్కా అన్నా, నువ్వు నూట ఎనిమిదికి చెయ్యి, ఇక్కడే నిలబడి చెయ్యి, స్పీకర్ పెట్టు అనాల. షాక్ ఇచ్చే మిషన్ దగ్గర్లో యాడన్నా ఉంటే తేవడానికి ఇంకొకరిని పంపాల. లేకపోతే దానికోసం కాచుకోని కూర్చోవద్దు."

ఆ తరవాత బొమ్మను వెల్లకిలా సరిచేసింది. గట్టి నేల మీద పడుకోబెట్టాలంది. ఒళ్ళో పెట్టుకోకూడదు, లేపి కూర్చోబెట్టకూడదు, నోట్లో నీళ్ళూ సోడా పోయకూడదు అంది. రొమ్ము మధ్యలో ఎముక మీద ఒక అరచేతి మడమ, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగం, దాని మీద రెండో చెయ్యి. మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి లోతుగా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ రొమ్మును మళ్ళీ పైకి రానివ్వాలి. నిమిషానికి వందకు తగ్గకుండా, నూట ఇరవైకి మించకుండా. నేర్చుకున్నవాళ్ళయితే ముప్పైసార్లు నొక్కి రెండుసార్లు నోటితో ఊపిరి ఊదొచ్చు. నేర్చుకోనివాళ్ళు నొక్కుతూ ఉంటే చాలు. అలసిపోతే పక్కవాళ్ళు అందుకోవాలి. మిషన్ వస్తే అది చెప్పినట్టు చేయాలి. అంబులెన్సు వచ్చి వాళ్ళు చేతిలోకి తీసుకునేదాకా ఆపకూడదు.

"సరే, ఎప్పుడు నొక్కడం మొదలుపెట్టాల?" అని తనే అడిగి, "మనిషి పలకడు, ఊపిరి మామూలుగా లేదు. అప్పుడు. ఊపిరి మామూలుగా లేకపోవడం అంటే ఏమో వినండి," అంది.

నోరు కొంచెం తెరిచి గొంతులోంచి ఒక చప్పుడు చేసింది. ఆగింది. అందరూ చూస్తుండగా మళ్ళీ చేసింది. గరగరమని, లోపలికి లాగినట్టు.

పిల్లలు పకపకా నవ్వారు. ముందు వరసలో ఒక పాప, "మేడం, మా అవ్వ మద్దేనం పండుకున్నట్టే ఉండాది," అంది.

"కదా? గురక మాదిరి ఉండాది కదా? అది గురక కాదు. ఊపిరి కాదు. గుండె ఆగిపోయినాక గొంతు ఊరికే ఎగరేస్తాది. పెద్దోళ్ళు ఎగశ్వాస అంటారు. దాన్ని చూసి ఊపిరి ఉండాదిలే అని కాచుకుంటారు. ఆ కాచుకునే నిమిషాలే మనిషిని బతికించే నిమిషాలు. ఇంకొకటి. గుండె ఆగిన మొదట్లో కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు. ఫిట్స్ అనుకోని బీగాలు చేతిలో పెడతారు. బీగాలు ఎవరికీ ఏమీ చెయ్యవు."

నేను పిల్లల వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాను. లేచి వెళ్ళలేదు. టీచర్లు కూడా ఒక్కొక్కరూ వచ్చి బొమ్మ మీద చేసి చూడాలంటే నా వంతు వచ్చినప్పుడు నేనూ చేశాను. రబ్బరు రొమ్ము నొక్కుతుంటే కిందికి పోయి పైకి వచ్చింది. బాగా చేశారు మేడం అంది మునీశ్వరి.

అందరూ వెళ్ళాక అడిగాను.

"ఆ చప్పుడు వస్తున్నప్పుడే మొదలుపెడితే?"

తను బొమ్మను సంచిలో సర్దుతోంది. చేతులు ఆగాయి. నా ముఖం చూసింది. ఎవరి గురించి అడుగుతున్నానో అర్థమైంది.

"చెప్పలేము మేడం. కొందరు బతుకుతారు. అందరూ కాదు. చెయ్యకపోతే మాత్రం ఎవరూ..." అని ఆగిపోయింది.

వాక్యం పూర్తి చేయమని నేను అనలేదు.

*

మదనపల్లె యార్డులో హమాలీల సంఘంవాళ్ళు తమకూ నేర్పించమని మునీశ్వరిని అడిగారు. పోయిన జూన్‌లో కళ్ళెదుట ఒక మనిషి పోవడం చూసినవాళ్ళు వాళ్ళు. ప్రతి మండీ గోడకూ అంటించడానికి ఒక కాగితం కావాలన్నారు. తెలుగు సరిచూసి పెడతారా అని మునీశ్వరి మొహమాటపడుతూ ఫోన్ చేసింది. సార్ పోయిన చోటే కదా మేడం, మీకు కష్టమైతే వద్దు అంది. నేనే వస్తానన్నాను.

ఒక శనివారం పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్ళాను. మునీశ్వరి ఇంటికి పోయే ముందు స్టేషన్ వెనక వీధికి నడిచాను. మునిలక్ష్మమ్మ ఇల్లు లేదు. ఆ చోట మూడంతస్తుల ఇల్లు కట్టి కింద సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టారు. పురుగుల గది ఉన్న మూల ఎక్కడో అంచనా వేయబోతే కుదరలేదు. ఆయన పక్కనుంటే వెంటనే చెప్పేవారు. వీధి చివర కాఫీ అమ్మే చోటు మాత్రం అక్కడే ఉంది. ఆదివారాలు ఆయన అక్కడ నిలబడి వచ్చీరాని అరవంలో రైల్వే పోర్టర్లతో వాదాలు పెట్టుకునేవారు. వాళ్ళు తెలుగులో జవాబు చెబుతుంటే, మీకు మీ భాష కూడా రాదా అని వాళ్ళనే ఎగతాళి చేసేవారు. నేను ఒక కాఫీ తాగి అక్కడే కాసేపు నిలబడ్డాను. ఒక రైలు వచ్చి వెళ్ళింది.

మునీశ్వరి కాగితం నా ముందు పెట్టింది. మొదటి వాక్యమే "స్పందన లేని వ్యక్తిలో సాధారణ శ్వాస లేనియెడల" అని ఉంది.

"యార్డులో దీన్ని ఎవరు చదువుతారు మునీశ్వరీ?"

తనకు నవ్వొచ్చింది. "ఉండాది అని రాస్తే సున్నా చుట్టింది మీరే కదా మేడం! అప్పటినుంచి భయం. పెన్ను పట్టుకుంటే లేనియెడల అనే వస్తాది."

ఇద్దరం కూర్చుని ఒక్కో మాటా మార్చాం. పలకకపోతే. గట్టి నేల మీద. రొమ్ము మధ్యలో. బాగా లోతుగా. అన్నీ ఒప్పుకుంది. ఊపిరి దగ్గరికి వచ్చేసరికి నేను రాసిన వాక్యం చూసి పెన్ను కింద పెట్టింది.

"గురక మాదిరి చప్పుడు వస్తుంటే నిద్ర అనుకోవద్దు. ఊపిరి ఉందనుకోవద్దు. గుండె ఆగింది. వెంటనే నొక్కండి."

సోమల దాసప్ప గురించి అప్పటికే చెప్పి ఉన్నాను. ఒళ్ళో పెట్టుకున్నది అతనేననీ, రోజు విడిచి రోజు అదే యార్డుకు వస్తాడనీ.

"మేడం, ఎగశ్వాస అని పెడదామా? ఆయనకు అంత తగలదు."

"ఎగశ్వాస అంటే జనం తులసినీళ్ళు తెస్తారు. నొక్కడానికి చేతులు తేరు. పైగా పడిపోయిన మనిషిని చూసి ఎగశ్వాస అని ఎవరంటారు? గురక అంటారు. నాకు ఫోన్‌లో ఆ మాటే చెప్పారు."

"అయితే ఆయనకు ముందుగా ఎవరన్నా చెప్పాల కదా? అందరి మధ్యలో నేను ఆ చప్పుడు చేసి చూపిస్తే ఎట్ల?"

"నేను చెబుతాను," అన్నాను.

*

మరుసటి ఆదివారం సోమల వెళ్ళాను. దాసప్ప తోటలో టమాటా మొక్కలకు కర్రలు నాటి పురికొస కడుతున్నాడు. నన్ను చూసి గట్టుమీదికి వచ్చాడు. అతని భార్య సరస్వతమ్మ టీ తెచ్చింది.

"ఏమక్కా, ఆదివారం గూడా పాఠమా? సంచి ఎత్తుకోనొచ్చినావు?" అన్నాడు దాసప్ప.

"పాఠమే. నువ్వు మళ్ళీ బడికి రావాలి దాసప్పా."

"మూడో తరగతిలోనే పారిపోయి వచ్చినోణ్ణి. నన్ను మళ్ళా పట్టిస్తావా?"

"పారిపోయింది గూడా ఒంటిగా కాదక్కా, మా అన్నను గూడా పిల్సుకోని పారిపోయినాడు," అంది సరస్వతమ్మ.

యార్డులో నేర్పించబోయేదాని గురించి అతనికి ముందే తెలుసు. హమాలీలు చెప్పారట.

"నేనే ముందర నిలబడతానక్కా. నేర్పించేటప్పుడు ఏందన్నా అడిగితే నేనే జవాబు చెప్తా. బావ విషయంలో నాకు అనుభవం ఉండాది కదా."

అతను నీళ్ళ మోటారు ఆపడానికి వెళ్ళినప్పుడు సరస్వతమ్మ నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది.

"మనిషి పైకి ఇట్ల నవ్వుతాండాడు గానీ అక్కా, నిద్రలో లేసి కూర్చుంటాడు. యాలప్పా అంటే, టెంపోలో ముందే ఎక్కించి ఉంటే అంటాడు. నీ ఒళ్ళో నిద్రపోయినట్టు పోయినాడు కదా, ఊపిరి ఉన్నంతసేపూ నువ్వే కదా పట్టుకోనుండింది అంటే, అవును కదా అని మళ్ళా పండుకుంటాడు. ఆ ఒక్క మాట మీదనే బతకతాండాడు."

నేను టీ తాగాను. చెప్పడానికి బస్సులో కొన్ని మాటలు సిద్ధం చేసుకున్నాను. తెలియక చేశావు, ఎవరైనా అదే చేసేవాళ్ళు, నేను అక్కడ ఉన్నా అదే చేసేదాన్ని. అన్నీ నిజాలే.

దాసప్ప వచ్చాక తవుడు మూట ఒకటి నేల మీద వేసి మొదటినుంచీ చెప్పాను. కరెంటు తీగలు చూడటం, భుజాలు తట్టడం, ఒక మనిషికి వేలు చూపించి ఫోన్ చేయమనడం.

"సరస్వతీ, ఎర్రచీర వదినా, నువ్వు నూట ఎనిమిదికి చెయ్యి!" అని అరిచాడు.

"నా ఫోన్లో బాలెన్సు లేదు," అంది ఆవిడ.

"దానికి బాలెన్సు అక్కర్లేదే. ఫ్రీ."

మూట మీద చేతులు పెట్టించాను. అతనివి పొలం పని చేసిన చేతులు. బరువు వేసి నొక్కుతుంటే మూట పూర్తిగా అణిగి లేస్తోంది. మా టీచర్లలో ఒక్కరూ అంత బాగా నొక్కలేదు.

"ఇంత గట్టిగా నొక్కితే ఎముక ఇరగదా?"

"విరగొచ్చు. విరిగినా ఆపొద్దన్నారు. ఎముక అతుక్కుంటుంది."

అతను నొక్కుతూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. తల ఎత్తకుండా అడిగాడు.

"ఇది ఊపిరి లేనోళ్ళకు కదక్కా? బావకు ఊపిరి ఉండినాది. బావకు ఇది పనికిరాదు. అంతే కదా?"

సరస్వతమ్మ నా వైపు చూసింది. ఊరికే చూసింది.

"మోచేతులు వంచుతున్నావు దాసప్పా," అన్నాను. "నిటారుగా పెట్టు. మళ్ళీ మొదటినుంచి చెయ్యి."

అతను మోచేతులు సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దాకా తోడు వచ్చాడు. కావాలంటే మునీశ్వరి నేర్పించి వెళ్ళాక హమాలీలకు తనే మళ్ళీ నేర్పిస్తానన్నాడు. బావ చూసుంటే, మూడో తరగతి దాసప్ప మేస్టరయినాడురా అని యార్డంతా చెప్పుకోని తిరిగేవాడు కదా అక్కా అన్నాడు. అవును, తిరిగేవారు. ముద్దుకృష్ణ అయితే ఈ సంగతి దాసప్పకు ఎలా చెప్పేవారో అని బస్సులో చాలాసేపు ఆలోచించాను. ఆయన నాలా మాటలు ఎంచుకునేవారు కాదు. పక్కన కూర్చుని, బీడీ ఒకటి అడిగి తీసుకుని, చెప్పేసి, అక్కడే కూర్చుని ఉండేవారు.

మునీశ్వరి రాత్రి ఫోన్ చేసి, ఆ వాక్యం ఉంచాలా, తీసెయ్యాలా, ప్రెస్సువాళ్ళు అడుగుతున్నారు అంది. ఉంచమన్నాను. యార్డులో రోజూ కొన్ని వందల మంది క్రేట్లు దించుతారు. వాళ్ళలో ఎవరో ఒకరి భార్య ఫోన్ ఎత్తాల్సి రావచ్చు. ఆ ఫోన్‌లో ఆమెకు మెల్లగా రమ్మని చెప్పకూడదు.

కాగితాలు అచ్చయి వచ్చాయి. ఒకటి నాకూ పంపింది. అచ్చుతప్పులు లేవు. గురువారం యార్డులో కార్యక్రమం. దాసప్ప ముందు వరసలో నిలబడతాడు. ఈ రోజు మంగళవారం.

దాసప్పకు నేను ఇంకా చెప్పలేదు.